అలుగుతో స్నేహం: బొమ్మల కథను 32 పేజీల్లో కుదర్చడం ఎలా

చిట్టి అనే అమ్మాయికి పెరట్లో అలుగు (ఒంటి మీద పొలుసులుండే, చీమలు తినే జంతువు, పాంగోలిన్) దొరుకుతుంది. ఇంట్లోకి తెచ్చుకుని పాలు పోస్తుంది, బడికి తీసుకెళ్తుంది. తోటిపిల్లలు నవ్వుతారు. ఒక రాత్రి ఆ అలుగు దొంగను పట్టిస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. 1,400 మాటల ఈ కథ రెండు ప్రచురణ సంస్థల నుంచి తిరిగొచ్చిందని, దీన్ని కుదించి 32 పేజీల బొమ్మల పుస్తకంగా ఎలా మలచాలని అడిగారు. కుదించడం రెండో పని. మొదటి పని వేరే ఉంది.

రాతప్రతిలో ‘అలుగు’ అన్న ప్రతిచోటా ‘కుక్క’ అని పెట్టి చదవండి. పాలు తాగుతుంది, వెంట నడుస్తుంది, దొంగను పట్టిస్తుంది. ఒక్క సంఘటన కూడా చెదరదు. అంటే మీరు రాసింది కుక్క కథే, దానికి పొలుసులు తొడిగారు. చేయి తిరిగిన సంపాదకులు ఈ సంగతి రెండో పేజీకే పసిగడతారు. అరుదైన జంతువు ఉన్న పుస్తకం ఆ జంతువు ఒంటి తీరు మీద నిలబడుతుంది. ఆ ఒళ్లు ఏం చేయగలదు, ఏం చేయలేదు అన్న రెండింటిలోంచే సంఘటనలు రావాలి. స్నేహం కూడా అక్కడి నుంచే రావాలి.

రచయిత, చిత్రకారుడు టోమీ ఉంగెరర్ 1958లో తెచ్చిన ‘క్రిక్టర్’ అనే బొమ్మల పుస్తకాన్ని ఈ దృష్టితో ఒకసారి తిరగేయండి. ఫ్రాన్సులోని ఓ చిన్న ఊళ్లో ఉండే మదాం బొదో అనే పెద్దావిడకు ఆమె కొడుకు పుట్టినరోజు కానుకగా బోవా పామును పంపుతాడు. ఇక పుస్తకమంతా ఆ పాము పొడవు మీదే నడుస్తుంది. దానికి పొడవాటి మంచం, పొడవాటి ఉన్ని స్వెట్టరు. బడిలో ఒంటిని వంచి అక్షరాలు, అంకెలు చూపిస్తుంది. పిల్లలకు జారుడుబల్ల అవుతుంది. ఆఖరికి దొంగను పట్టుకునేదీ చుట్టేసే గుణంతోనే. అక్కడ ఆ ఘట్టం అతికింది. అలుగు అలా కాదు, ఆపద రాగానే ఉండలా ముడుచుకుపోతుంది. దాని చేత దొంగను పట్టించడమంటే దాని స్వభావాన్ని చెరిపేయడమే.

ఆ పుస్తకంలో వరుసను కూడా గమనించండి. ఆవిడ పామును జంతుప్రదర్శనశాలకు తీసుకెళ్లి అది విషపు పాము కాదని తెలుసుకుంటుంది. ఆ తర్వాత సీసాతో పాలు పట్టడం మొదలుపెడుతుంది. దొంగ చాలా ఆలస్యంగా వస్తాడు. పాము ఏ ఘనకార్యమూ చేయకముందే ఆవిడ దాన్ని ప్రేమించింది. మీ కథలో ఇది తలకిందులైంది. దొంగను పట్టిస్తే తప్ప అలుగును ఎవరూ ఒప్పుకోరు. వేరుగా ఉన్నవాడు ఉపయోగపడితేనే వాడికి చోటు అని అయిదేళ్ల పిల్లకు చెప్పినట్టయింది. మీ ఉద్దేశం అది కాదని తెలుస్తూనే ఉంది. కానీ కథ కట్టిన తీరు అదే చెబుతోంది. దొంగను తీసేయండి.

ఇప్పుడు ఒక కాగితం మీద అలుగు ఒంటిని రాసుకోండి. పొలుసులు మన గోళ్లలాగే కెరటిన్‌తో తయారవుతాయి. ముఖం, గొంతు, పొట్ట, కాళ్ల లోపలి వైపు మాత్రం మెత్తగా, పొలుసులు లేకుండా ఉంటాయి. భయపడితే ఆ మెత్తటి భాగాన్ని లోపల దాచుకుని చుట్టుకుంటుంది. పళ్లు లేవు. జిగట నాలుక చాలా పొడవు. చీమలు, చెదపురుగులే తిండి. చూపు మందం, వాసన పసిగట్టడంలో దిట్ట. చాలా జాతులు రాత్రిపూట తిరుగుతాయి. ముందుకాళ్ల గోళ్లు తవ్వడానికి. మామూలుగా ఒక ఈతకు ఒకటే పిల్ల, అది తల్లి తోక మొదట్లో ఎక్కి తిరుగుతుంది.

ఇందులో కథకు పట్టుకొమ్మ ఒక్కటే ఉండాలి, మిగతావి దానికి సాయపడాలి. నేనైతే ‘భయపడితే ముడుచుకుంటుంది’ అన్నదాన్నే ఎంచుకుంటాను. పిల్లలూ అదే చేస్తారు గనక. మోకాళ్లలో తల దూర్చుకుని ఎవరితో మాట్లాడని పూట ప్రతి పిల్లకూ ఉంటుంది. అప్పుడు కథలో ప్రశ్న ఇది: ముడుచుకున్నవాళ్లు విప్పుకోవాలంటే పక్కవాళ్లు ఏం చేయాలి? లాగకూడదు, వెలుగు వేయకూడదు, పక్కన కూర్చుని ఆగాలి. మీ పుస్తకంలో స్నేహమంటే అదే. ఇది కుక్కతో కుదరదు.

ఇక 32 పేజీల లెక్క. పెద్ద కాగితానికి ఒక్కో వైపు 8 పేజీలు అచ్చువేసి మడిస్తే 16 పేజీల ఫారం వస్తుంది. అలాంటివి రెండు. ఈ 32లో కథకు ఎన్ని దక్కుతాయో ముందే తేల్చుకోవాలి. అట్టకు అంటించే కాగితాలు విడిగా వేస్తే 1వ పేజీ పేరుకు, 2–3 ప్రచురణ వివరాలకు, అంకితానికి పోతాయి. 4–5 నుంచి 30–31 వరకు 14 జంట పేజీలు (తెరిచినప్పుడు ఎదురెదురుగా కనిపించే రెండేసి పేజీలు), చివర 32వ పేజీ ఒంటరిగా మిగులుతాయి. అట్టకు అంటించేవి కూడా ఆ 32లోంచే తీస్తే 6–7 నుంచి 28–29 వరకు 12 జంటలే మిగులుతాయి. ఈ ఒక్క సంగతి అడగకుండా బొమ్మలు మొదలుపెట్టి, చివర్లో రెండు జంటలు కోసేయాల్సి రావడం తరచూ జరిగేదే. కోసేటప్పుడు మాటల్లేని పేజీలే ముందు పోతాయి. నిజానికి పుస్తకానికి ఊపిరి అవే.

బైండింగు కూడా ఇప్పుడే అడగండి. మొత్తం పుస్తకాన్ని మధ్యలో పిన్ను కొడితే 16–17 ఒకే కాగితం మీద పడతాయి, బొమ్మ నడిమడతను దాటినా తెగదు. రెండు ఫారాలను విడివిడిగా కుట్టి కలిపితే 16వ పేజీ మొదటి ఫారానికి చివరిది, 17వ పేజీ రెండో ఫారానికి మొదటిది. రెండూ వేర్వేరు కాగితాలు. అక్కడ అడ్డంగా సాగే గీత ఒకటి రెండు మిల్లీమీటర్లు తప్పినా కంటికి కొడుతుంది. అప్పుడు తెగని జంటలు 8–9, 24–25. కథలో పెద్ద బొమ్మలను వీటిలో పడేలా సర్దుకోవాలి.

8 ఏ4 కాగితాలను కలిపి సగానికి మడవండి, మడతలో రెండు కుట్లు వేయండి. 32 పేజీల డమ్మీ, అంటే నమూనా పుస్తకం వచ్చింది. పేజీల సంఖ్యలు వేయండి. ఎడమవైపు సరి, కుడివైపు బేసి. కథను అచ్చు తీసి, కత్తిరించి, ఏ ముక్క ఏ పేజీలోనో అంటించండి. జిగురు గట్టిగా పట్టించకండి, చాలాసార్లు పీకి మార్చాల్సి వస్తుంది. బొమ్మల పుస్తకంలో అసలు కొలమానం పేజీ తిప్పడం. ప్రశ్న కుడి పేజీ చివర ఉండాలి, జవాబు తిప్పాక కనిపించాలి. రెండూ ఎదురెదురు పేజీల్లో ఉంటే పిల్లల కళ్లు జవాబు మీదకే ముందు పోతాయి, మీరు చదివే ప్రశ్న వృథా అవుతుంది.

14 జంటలు దొరికాయనుకుని మీ కథను ఇలా పరవచ్చు. 4–5లో చీకటి ఇల్లు. అందరూ నిద్రలో ఉన్నారు, చిట్టి కళ్లు మాత్రం తెరిచి ఉన్నాయి. కుడి అంచున గీకుతున్న చప్పుడు. 6–7లో కిటికీ, తవ్విన మట్టి, తోక కొస. అలుగు ఇంకా కనిపించకూడదు. 8–9లో చిట్టి టార్చి వేస్తుంది, ఎదురుగా పెద్ద ఉండ. ఉండ మధ్యభాగాన్ని నడిమడతలో పెట్టకండి, కుట్లలో మునిగిపోతుంది. కుడి పేజీకి జరపండి. 10–11లో నాలుగు చిన్న బొమ్మలు: చిట్టి కూర్చుంది, ఆవలించింది, ఒరిగింది, నిద్రపోయింది. ఉండ మాత్రం కదల్లేదు. 12–13లో మాటలుండవు. అలుగు విప్పుకుని, నిద్రపోతున్న చిట్టి కాలివేళ్లను వాసన చూస్తోంది. చిట్టికి తెలియనిది వినే పిల్లలకు తెలిసింది. ఆ గుట్టు వాళ్ల చేతిలో ఉన్నంతసేపు పుస్తకం వాళ్లదే.

14–15లో చిట్టి రకరకాల తిండి తెచ్చి పెడుతుంది. ఏదీ ముట్టదు. కుడి పేజీ చివర “మరేం తింటావు?” తిప్పితే 16–17లో చెదపుట్ట, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నాలుక. పైన చెప్పిన బైండింగు లెక్క పనికొచ్చేది ఇక్కడే. కుట్టిన పుస్తకమైతే నాలుకను ఒకే పేజీలో మెలికలు తిప్పి వేయండి. 18–19 ఈ పుస్తకానికి గుండెకాయ: చిట్టి టార్చి ఆపేస్తుంది. తనకు కనిపించడం కోసం వెలుగు కావాలి, దానికి భయం పోవాలంటే వెలుగు ఉండకూడదు. ఆమె తన అవసరాన్ని వదులుకుంది. ఈ జంటలో ఒకే వాక్యం చాలు. 20–21లో ఇద్దరూ చీకట్లో పక్కపక్కన, చప్పుళ్లు మాత్రమే.

22–23లో పగలు. చిట్టి స్నేహితులను పిలుచుకొస్తుంది. అలుగు ఉండలా పడి ఉంది. “ఇది రాయి!” అంటారు. ఈ పిల్లలను చెడ్డవాళ్లుగా వేయకండి. వాళ్లకు నిజంగానే రాయి కనిపించింది. 24–25లో చిట్టి కూడా అలుగులాగే చుట్టుకుని పడుకుంటుంది. రెండు ఉండలు, ఒకే ఆకారం. 26–27లో రాత్రి స్నేహితులు టార్చి లేకుండా వస్తారు. కూర్చుంటారు. 28–29లో అలుగు తోక మీద పిల్ల. 30–31లో అవి వెళ్లిపోతాయి. 32లో బడి. కొత్తగా చేరిన పిల్ల మోకాళ్లలో తల దూర్చుకుని కూర్చుంది, చిట్టి ఆమె పక్కన ఊరికే కూర్చుంది. మాటలు రాయొద్దు.

అలుగు వెళ్లిపోతే పిల్లలు బాధపడతారని చాలామంది చివర్లో దాన్ని ఇంట్లో ఉంచేస్తారు. విలియం స్టైగ్ 1971లో తెచ్చిన ‘ఏమస్ అండ్ బోరిస్’ అనే బొమ్మల పుస్తకంలో ఎలుక, తిమింగలం విడిపోతాయి. ఒకటి నేల మీద, ఒకటి నీళ్లలో బతకాల్సినవి గనక విడిపోతాయి. ఎడబాటు వాటి ఒంటి తీరులోంచే వచ్చింది కాబట్టి పిల్లలు దాన్ని ఒప్పుకుంటారు. మీ అలుగు విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. ఆసియాలో, ఆఫ్రికాలో కలిపి ఉన్న 8 జాతులూ వేటకు, దొంగ రవాణాకు బలవుతున్నవే. 2016లో జరిగిన నిర్ణయంతో 2017 నుంచి అన్నీ సైటీస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉన్నాయి. వాటిని అడవి నుంచి తెచ్చి దేశాల మధ్య వ్యాపారం చేయడాన్ని సభ్యదేశాలు కలిసి నిషేధించిన జాబితా అది. పట్టి ఉంచితే బెదురు వల్ల, సరైన తిండి అందక చాలావరకు తొందరగా చనిపోతాయి. బోవాకు స్వెట్టరు వేసిన పుస్తకంలో మొదటి బొమ్మ నుంచే అది ఆటలోకమని తెలుస్తుంది. మీ బొమ్మలు నిజమైన పెరటిలా, నిజమైన అలుగులా ఉండబోతున్నాయి. అలాంటి బొమ్మల్లో చిట్టి దాన్ని ఎత్తుకుంటే చదివిన పిల్లలూ ఎత్తుకోవచ్చనుకుంటారు. అందుకే మొత్తం పుస్తకంలో చిట్టి చేయి దాన్ని తాకకూడదు. అలుగు ముక్కే ఆమె కాలిని తాకింది, అది చాలు. అలుగు కనిపిస్తే దూరంగా ఉండి పెద్దవాళ్ల ద్వారా అటవీశాఖకు చెప్పాలని వెనకట్ట లోపలివైపు 60–80 మాటల్లో ఒక గమనిక పెట్టండి. కథలోకి మాత్రం ఈ పాఠాన్ని రానీయకండి.

మాటల సంగతికొద్దాం. గట్టిగా చదివి వినిపించే పుస్తకానికి తెలుగులో 350 నుంచి 450 మాటలు సరిపోతాయి. తెలుగు మాటలో విభక్తులు కలిసిపోతాయి కాబట్టి వేరే భాషల లెక్కలు చూసి ఎక్కువ పెట్టుకోకండి. జంటకు సగటున 30. మాటలుండని జంటలు మూడైనా ఉంచుకుంటే మిగతావాటికి కాస్త వెసులుబాటు వస్తుంది. 1,400 నుంచి అక్కడికి దిగడం కష్టమేమీ కాదు. బొమ్మ చెప్పేదాన్నంతా కొట్టేస్తే సగం పోతుంది. మీ రాతప్రతిలో ఒక చోటు ఇలా ఉంది: “చిట్టి మెల్లగా కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి తొంగిచూసింది. అక్కడ గోధుమరంగు పొలుసులతో, పొడవాటి తోకతో ఒక వింత జంతువు కనిపించింది. చిట్టికి భయమూ ఆశ్చర్యమూ కలిగాయి.” కిటికీ, తొంగిచూడడం, రంగు, తోక, భయం అన్నీ బొమ్మలో ఉన్నాయి. మిగిలేది ఇంతే: “గర్ర్... గర్ర్... ఎవరది?” బొమ్మ వేయలేనివి నాలుగు: చప్పుడు, వాసన, గడిచిన కాలం, మనసులో మాట. మీ వాక్యాలు వాటికోసం దాచుకోండి.

ఇంకో జబ్బు, భావాల పేర్లు చెప్పేయడం. ‘సంతోషించింది’, ‘బాధపడింది’ అన్న ప్రతి చోటా గీత గీయండి. అక్కడ ఒక పని రాయండి, లేదా వాక్యం తీసేయండి. ‘ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు’ అన్న వాక్యం అసలు ఉండకూడదు.

ప్రచురణకర్త కథను ఒప్పుకున్నాక, బొమ్మలు వేసేవారికి ముందుగా చెప్పాల్సింది ఏ జాతి అలుగు అన్నది. ఆసియా జాతులకు పొలుసుల మధ్య వెంట్రుకలుంటాయి, చిన్న చెవిడొప్పలుంటాయి. ఆఫ్రికా జాతులకు ఇవి ఉండవు. ఆఫ్రికాలో కొన్ని చెట్లెక్కి తోకతో వేలాడతాయి, ఒక జాతి వెనకకాళ్ల మీదే ఎక్కువగా నడుస్తుంది. దొరికిన ఫొటోలన్నీ కలిపి వేస్తే నాలుగో పేజీకి ఒక జాతి, పదో పేజీకి ఇంకో జాతి అయిపోతుంది. పిల్లలు దీన్ని పెద్దలకన్నా ముందు పట్టేస్తారు.

అలుగు ముఖంలో భావాలు పలికించడం కష్టం. కనుబొమల్లేవు, నోరు చిన్నది. చాలామంది మనిషి కనుబొమలు, నవ్వు పెట్టేస్తారు, దాంతో జంతువు పోయి బొమ్మకొలువు బొమ్మ మిగులుతుంది. ముడుచుకునే మోతాదునే భావంగా వాడండి. పూర్తి ఉండ, ముక్కు కొస కనిపించే ఉండ, సగం విప్పిన స్థితి, నడుం వంచి నిలబడడం, పూర్తిగా చాచుకోవడం. ఈ అయిదు భంగిమలను ఒకే కాగితం మీద వేయించి, ఏ జంటలో ఏ మోతాదు అన్నది డమ్మీలో రాసుకోండి. 8–9 నుంచి 20–21 వరకు అది మెల్లమెల్లగా విప్పుకోవాలి, 22–23లో ఒక్కసారి మూసుకోవాలి. ఆ పేజీ పిల్లలను తాకేది ఈ కారణంగానే. ఆ కాగితం మీదే చిట్టి పక్కన అలుగు ఎంత ఎత్తుందో కూడా వేయించండి. పరిమాణం పేజీకోలా మారడం అన్నిటికన్నా మామూలుగా జరిగే పొరపాటు. పొలుసులను ఒక్కొక్కటిగా గీయక్కర్లేదు. వరుసలు తోకవైపు వాలి, ఒకదాని అంచు మీద ఇంకోటి పడితే చాలు. వీపు వంగినచోట మాత్రం అంచులు లేచి కనిపించాలి.

రాత్రి బొమ్మలు ఎక్కువ కాబట్టి అచ్చులో జాగ్రత్త పడాలి. కంప్యూటరు తెర మీద మెరిసే నీలం అచ్చులో మసకబారుతుంది. మొదటి నుంచే సీఎంవైకే రంగుల్లో (అచ్చులో వాడే నాలుగు ఇంకులు: లేత నీలం, గులాబీ, పసుపు, నలుపు) చూసుకుంటూ వేయించండి. చీకటి కోసం నాలుగు ఇంకులనూ నిండుగా పోస్తే కాగితం ఆరదు, ఎదుటి పేజీకి మరక అంటుతుంది. ఒక్కో ఇంకు నిండుగా ఉంటే 100 శాతం అనుకుని, పూత కాగితం మీద నాలుగూ కలిపి 300 శాతం లోపు ఉంచండి, పూత లేనిదాని మీద ఇంకా తగ్గించాలి. ముదురు నేపథ్యం మీద తెల్ల అక్షరాలు పెడితే తెలుగుకు పెద్ద చిక్కు. నాలుగు రంగుల్లో ఏది కొంచెం జరిగినా తలకట్లు, వత్తుల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ఆకాశంలోనో గోడమీదో లేతగా ఒక చోటు వదిలి, అక్కడ ఒక్క నల్ల ఇంకుతోనే అక్షరాలు వేయించండి. సైజు 18 నుంచి 22 పాయింట్లు, వరుసల మధ్య దూరం దానికి ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా. లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. వరుసను మాట మధ్యలో విరవకండి, చదివేవాళ్లు ఊపిరి తీసుకునేచోట విరవండి. యూనికోడ్ ఫాంటే వాడండి. పాత ఫాంట్ల నుంచి మార్చిన ఫైలులో వత్తులు చెల్లాచెదురవుతాయి, ప్రూఫులో అన్నీ కంటికి ఆనవు.

బొమ్మల ఫైలు అచ్చు సైజులోనే 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) ఉండాలి. నాలుగు అంచులా 3 మిల్లీమీటర్లు బ్లీడు (కోతలో పోయేలా బొమ్మను అంచు దాటించడం) వదలాలి. అక్షరాలు, ముఖాలు కోత అంచుకు 10, నడిమడతకు 15 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి.

మీరు బొమ్మలు వేయరు కాబట్టి ప్రచురణకర్తకు పంపేటప్పుడు సొంత డబ్బుతో ఎవరిచేతా బొమ్మలు వేయించకండి. చిత్రకారులను వాళ్లే ఎంచుకుంటారు, మీరు కట్టిపెట్టిన బొమ్మల వల్ల కథ కూడా వెనక్కి రావచ్చు. జంటల వారీగా విడగొట్టిన రాతప్రతి పంపండి. బొమ్మ గురించిన సూచనలు అవి లేకపోతే కథ అర్థం కానిచోటే రాయండి. 12–13, 24–25, 32 పేజీలకు ఒక్కో వాక్యం చాలు. చిట్టి గౌను రంగు చిత్రకారులకే వదిలేయండి.

పంపేముందు డమ్మీని మీకు తెలియని నలుగురైదుగురు పిల్లలకు ఎవరిచేతనైనా చదివించి, మీరు పక్కన కూర్చుని చూడండి. మీరే చదివితే కథలో లేనిదాన్ని గొంతుతో నింపేస్తారు. బొమ్మలు లేవు కాబట్టి ప్రతి జంటలో గీతలతోనైనా ఉండను, చిట్టిని గుర్తుగా వేసి ఉంచండి. ‘బాగుందా?’ అని అడగొద్దు, బాగుందనే అంటారు. చిట్టి టార్చి ఎందుకు ఆపేసిందో అడగండి. ‘అది భయపడుతోంది’ అన్న జవాబు ఎవరి నుంచీ రాకపోతే, సరిచేయాల్సింది 18–19 కాదు, 8–9. వెలుగు పడగానే అది ముడుచుకున్న సంగతి అక్కడ స్పష్టంగా కనిపించలేదన్నమాట. టార్చి వేసేముందు సగం విప్పిన అలుగును 6–7 కుడి అంచున నీడగా చూపించి మళ్లీ చదివించండి.